పగటి వెలుగులు ఎక్కడివి? భయపెట్టడాన్ని తెలిపే ఇంగ్లీషు జాతీయాల చరిత్ర

ఇయాన్ ఫ్లెమింగ్ 1962లో ప్రచురించిన ఒక కథలో బ్రిటిష్ గూఢచారి జేమ్స్ బాండ్ బెర్లిన్ నగరంలో ఒక కిటికీ వెనుక తుపాకితో కాపు వేసి ఉంటాడు. తూర్పు బెర్లిన్ నుంచి తప్పించుకొని రానున్న తమ మనిషిని కాల్చడానికి సోవియట్ గూఢచారి సంస్థ నియమించిన గురికాడిని చంపడం అతనికి అప్పగించిన పని. తీరా ఆ గురికాడు ఒక యువతి అని, తాను కొద్దిరోజులుగా అదే కిటికీలోంచి చూసి ఇష్టపడిన సెల్లో వాద్యకారిణి అని తెలుస్తుంది. అతడు చివరి క్షణంలో గురి మార్చి ఆమెను చంపకుండా వదిలేస్తాడు. చంపలేదు గాని ‘లివింగ్ డేలైట్స్’ పోయేటట్లు భయపెట్టానని తర్వాత అతడు చెప్పుకొనే మాట నుంచే కథకు పేరు వచ్చింది. 1987లో ఆ పేరుతోనే చలనచిత్రం కూడా వెలువడింది.

ఈ పేరును మాటకు మాటగా తెలుగు చేస్తే ‘ప్రాణమున్న పగటి వెలుగులు’ అవుతుంది. అవి ఏమిటో, మనిషిలో ఎక్కడ ఉంటాయో, భయపెడితే ఎందుకు బయటికి పోతాయో ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలోనే చాలామంది చెప్పలేరు. చెప్పలేకపోయినా జాతీయాన్ని వాడుకోవడంలో వారికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా దాన్ని మరో భాషలోకి తెచ్చే అనువాదకుడిది, దానికి అర్థం రాయవలసిన నిఘంటుకర్తది. ఇద్దరూ సాధారణంగా జాతీయంలోని నామపదాన్ని పట్టుకొని దానికి దీటైన మరో నామపదం కోసం వెతుకుతారు. భయపెట్టడాన్ని తెలిపే ఇంగ్లీషు జాతీయాల చరిత్రను పరిశీలిస్తే ఈ వెతుకులాట తప్పుచోట జరుగుతున్నదని తోస్తుంది. వాటిలోని నామపదాలు ఒకప్పుడు వైద్యం మీద, మతం మీద, మల్లక్రీడ మీద ఆధారపడి నిజమైన అర్థంతో ఉండేవి. ఆ ఆధారాలు తొలగిపోయాక నామం ఖాళీ అయింది. దాన్ని మోసే వాక్యనిర్మాణం మాత్రం నిలిచి, ఖాళీ అయిన చోటును ఏ మాటతోనైనా నింపుకోగలిగింది.

‘ఫియర్’ అనే క్రియ

ఈ చరిత్రకు జాతీయాల కంటే ముందు ఒక సాధారణ క్రియ దగ్గర మొదలు పెట్టవలసి ఉంటుంది. నేటి ఇంగ్లీషులో ‘ఫియర్’ అంటే భయపడడం. ప్రాచీన ఇంగ్లీషులో దీని పూర్వరూపమైన నామానికి హఠాత్తుగా వచ్చిపడే ఆపద అని అర్థం. జర్మన్ భాషలో అపాయాన్ని తెలిపే ‘గెఫార్’ దీనికి జ్ఞాతిపదం. అంటే ఈ మాట మనసులోని భావానికి పేరు కావడానికి ముందు బయట ఉన్న ప్రమాదానికి పేరు. ఆ నామం నుంచి ఏర్పడిన క్రియకు భయపెట్టడం అనే ప్రేరణార్థమే ఉండేది. షేక్స్పియర్ కాలానికి భయపడడం, భయపెట్టడం రెండూ వాడుకలో ఉన్నాయి. ‘మెజర్ ఫర్ మెజర్’ నాటకంలో ఏంజెలో చట్టాన్ని పొలంలోని బెదురుబొమ్మతో పోల్చే సందర్భంలో పక్షులను భయపెట్టడం అనే అర్థంలోనే ఈ క్రియ కనిపిస్తుంది. తర్వాతి కాలంలో ప్రేరణార్థం జారిపోయి భయపడడం ఒక్కటే మిగిలింది.

‘అఫ్రెయిడ్’ అనే విశేషణానిదీ ఇటువంటి కథే. అది ‘అఫ్రే’ అనే క్రియకు భూతకాల కర్మణిరూపం: భయపెట్టబడినవాడు, కలతపెట్టబడినవాడు. క్రియ సాధారణ వ్యవహారం నుంచి తప్పుకొని, నామరూపంలో న్యాయశాస్త్ర పరిభాషలో మాత్రం స్థిరపడింది. 2024 వరకు అమలులో ఉన్న భారతీయ శిక్షాస్మృతి 159వ సెక్షన్ నిర్వచించిన ‘అఫ్రే’, అంటే బహిరంగ స్థలంలో కొట్లాడుకొని ప్రజాశాంతిని చెడగొట్టడం, ఈ మాటే. నేరస్థుడి మీద మోపే అభియోగానికీ, చీకటికి జడిసే పిల్లవాడి స్థితికీ ఇంగ్లీషులో మూలం ఒకటే కావడం విశేషం.

భయపెట్టడాన్ని చెప్పే మాటలు త్వరగా అరిగిపోతాయి. ‘టెరిఫిక్’ భయోత్పాదకం అనే అర్థంతో మొదలై ఇరవయ్యో శతాబ్దికి మెచ్చుకోలు మాట అయింది. పూజ్యమైన భీతిని తెలిపిన ‘ఆఫుల్’ నేడు రుచి లేని కాఫీకి కూడా చెల్లుతున్నది. (‘భయంకరమైన తెలివి’ అనే నేటి తెలుగు ప్రయోగాన్ని ఎగతాళి చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.) పాత క్రియ అర్థం మార్చుకొని, కొత్త విశేషణాలు పదును పోగొట్టుకొంటూ ఉంటే తీవ్రమైన భయాన్ని కలిగించడం గురించి చెప్పడానికి భాషకు వేరే సాధనాలు కావలసి వచ్చాయి. జాతీయాలు ఆ అవసరాన్ని తీర్చాయి.

బగ్, బోగీ, బూచి

మధ్యయుగపు ఇంగ్లీషులో ‘బగ్’ అంటే పురుగు కాదు, భయపెట్టే భూతం. మైల్స్ కవర్‌డేల్ 1535లో అచ్చు వేయించిన బైబిలు 91వ కీర్తనలో, రాత్రివేళ కలిగే భయానికి వెరవనక్కరలేదని చెప్పే చోట, ఈ మాటే వాడాడు. 1537 నాటి మాథ్యూ బైబిలులోనూ అది కొనసాగింది. 1611 నాటి రాజానుమతి బైబిలులో దాని స్థానంలో ‘టెరర్’ వచ్చింది. పదిహేడో శతాబ్దిలో ‘బగ్’కు పురుగు అనే అర్థం రూఢి కావడంతో పాత ప్రతులు ‘బగ్ బైబిలు’ అని పరిహాసనామం సంపాదించుకొన్నాయి. రాత్రి నల్లుల బెడద నుంచి దేవుడు కాపాడతాడని వాగ్దానం చేసినట్లు అవి కనిపించసాగాయి. ఒక అనువాదంలోని భయం కాలక్రమంలో హాస్యంగా పరిణమించిన తీరుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ ‘బగ్’ కుటుంబం నుంచే పిల్లలను బెదిరించే ‘బగ్‌బేర్’, ‘బోగల్’, ‘బోగీ’ అనే మాటలు వచ్చాయి. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండులోని దాదులు, తల్లులు పిల్లలను ‘బోనీ’ వస్తాడని భయపెట్టేవారు. బోనపార్టీకి అది వెక్కిరింపు పేరు. ‘బోగీ’ అనే మాట బోనీ నుంచే వచ్చిందని, సులవేసి ద్వీపపు బుగిస్ నావికుల పేరు నుంచి వచ్చిందని జనశ్రుతులు ఉన్నాయి గాని పాత మాటలు ముందే ఉండగా ఈ రెండింటి అవసరం లేదు.

సరిగ్గా ఇటువంటి జనశ్రుతే తెలుగునాట బూచి గురించి ఉంది. 1757 బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ కలిగించిన భయోత్పాతం వల్ల అతని పేరే ‘బూచి’గా, ‘బూచోడు’గా మారిందని చెబుతారు. కథ ఆకర్షణీయంగానే ఉంది. అయితే తమిళంలో అదే పని చేసే ‘పూచ్చాండి’ ఉండగా ఈ నిష్పత్తిని వెంటనే అంగీకరించడం సాధ్యం కాదు. ముందే ఉన్న బూచి పేరుకు బుస్సీ తగిలి ఉండడం, బోనీ బోగీకి తగిలినట్లే, ఎక్కువ సంభావ్యం. భయపెట్టే మాట ఎక్కడైనా తన కాలపు శత్రువును వెతుక్కొంటుంది.

తెలివి, రోమం, నెత్తురు

మనిషి ‘విట్స్’ నుంచి బయటికి పోయేటట్లు భయపెట్టడం అనే జాతీయం నేటి పాఠకుడికి అర్థమవుతున్నట్లే ఉంటుంది. బహువచనం మాత్రం కొంచెం ఎబ్బెట్టుగా తోస్తుంది. ఒక మనిషికి ఎన్ని తెలివులు? మధ్యయుగపు మనోవిజ్ఞానం ఇచ్చే సమాధానం అయిదు. మొదట పంచేంద్రియాలనే పంచ ‘విట్స్’ అనేవారు. క్రమంగా వీటిని అంతరింద్రియాలుగా విడదీశారు. 1509లో అచ్చయిన స్టీఫెన్ హాజ్ కావ్యం ‘ది పాస్‌టైమ్ ఆఫ్ ప్లెజర్’లో ఈ అయిదింటి పట్టిక కనిపిస్తుంది: సామాన్య జ్ఞానం, భావన, కల్పన, అంచనా, స్మృతి. ‘కింగ్ లియర్’లో పిచ్చివాడి వేషంలో ఉన్న ఎడ్గార్ ఈ అయిదూ చల్లగా ఉండాలని దీవిస్తాడు. ఆ కాలపు ప్రేక్షకుడికి అది అలంకారం కాదు. భయం ఈ అయిదింటినీ వాటి స్థానాల నుంచి తరిమేస్తుందనే భావన శరీరశాస్త్రంగా చెలామణి అయ్యేది. మన అంతఃకరణ చతుష్టయంతో దీన్ని పోల్చాలనే ఉత్సాహం కలుగుతుంది గాని సంఖ్య గాని విభజన గాని కలవవు. పోలిక పదమూలంలోనే ఉంది. ‘విట్’, సంస్కృత ‘విద్’ ధాతువు ఒకే మూలానివి. వేదం, విద్య, విట్ దాయాదులు.

తెలుగులో దీనికి దగ్గరగా ఉన్నది ‘మతి పోవు’ కంటే ‘తెలివి తప్పు’. తెలివి అనే మాట ప్రజ్ఞనూ స్పృహనూ రెండింటినీ చెబుతుంది. భయంతో తెలివి తప్పి పడిపోయిందన్నప్పుడు సాత్త్విక భావాల్లో చివరిదైన ప్రళయమే అక్కడ ఉన్నది.

సాత్త్విక భావాల ప్రసక్తి ఇక్కడ యాదృచ్ఛికం కాదు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిదింటిలో కన్నీరు తప్ప మిగిలిన అన్నింటికీ ఇంగ్లీషు భయజాతీయాల్లో ఏదో ఒక రూపం దొరుకుతుంది. కొయ్యబారిపోయేటట్లు, రాయిలా మారేటట్లు భయపెట్టడం స్తంభం. దుప్పటిలా తెల్లబడడం వైవర్ణ్యం. ‘అపాల్’ అనే క్రియకు మూలార్థమే పాలిపోయేటట్లు చేయడం. అయితే ఈ పట్టిక వేయడంతో పని పూర్తయిందనుకోవడం పొరపాటు. శరీరం ఎక్కడైనా ఒకే రకంగా భయపడుతుంది. ఆ శరీర లక్షణాన్ని ఏ భాష ఎలా వివరించుకొన్నదన్నదే చరిత్ర.

రోమాంచం విషయంలో రెండు సంప్రదాయాలు ఒకే చోట బయలుదేరి దూరమైన తీరు ఆసక్తికరం. ‘హారర్’ అనే ఇంగ్లీషు మాట వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అనే అర్థంగల లాటిన్ క్రియ నుంచి వచ్చింది. ఆ లాటిన్ క్రియకూ సంస్కృత ‘హృష్’ ధాతువుకూ మూలం ఒకటే. ఆ ధాతువు నుంచే హర్షం. ఒకే శరీర లక్షణం నుంచి ఐరోపాకు భీతి, మనకు ఆనందం దక్కాయన్న మాట. ‘రోమహర్షణం’లో మాత్రం రెండూ విడిపోకుండా మిగిలాయి. కురుక్షేత్రంలో అర్జునుడికి కలిగిన రోమహర్షం ఆనందం కాదు. నేడు ‘రోమాంచకమైన పోరాటం’ అని పత్రికలు రాసేది ఆనందం గురించే. ఇంగ్లీషు ‘హారర్’ వెనక్కి తిరగలేదు. యోబు గ్రంథంలో రాత్రి దర్శనానికి నిక్కబొడుచుకొన్న రోమాలు, ‘హామ్లెట్’లో తండ్రి ప్రేతం తన కథ వింటే ముళ్ళపంది ముళ్ళలా లేస్తాయని చెప్పిన వెంట్రుకలు, గోథిక్ నవలల మీదుగా నేటి హారర్ సినిమా వరకు ఒకే దారి వేశాయి. చార్లెస్ డార్విన్ 1872లో భావావేశాల ప్రకటన మీద రాసిన గ్రంథంలో ఈ లక్షణాన్ని జంతువులతో పోల్చి, రోమమూలాల దగ్గరి చిన్న కండరాల పనిగా వివరించాడు. వివరణ మారినా జాతీయం మారలేదు.

నెత్తురు విషయంలో ఈ పట్టుదల ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నెత్తురు చల్లబడడం, గడ్డకట్టడం, పేరుకోవడం అనే ఇంగ్లీషు జాతీయాలకు గేలెన్ నాటి చతుర్దోష సిద్ధాంతం ఆధారం. నెత్తురు వేడిది, తడిది. భయదుఃఖాలకు కారణమైన నల్లపిత్తం చల్లనిది, పొడిది. భయం కలిగితే నెత్తురు బయటి అవయవాలను విడిచి గుండెలోకి ఉపసంహరించుకొంటుందని, అందువల్ల ముఖం పాలిపోయి చేతులు చల్లబడతాయని వైద్యులు చెప్పేవారు. రాబర్ట్ బర్టన్ 1621లో ప్రకటించిన విషాదరోగ గ్రంథానికి ఈ సిద్ధాంతమే పునాది. పిరికివాణ్ణి ‘తెల్లని కాలేయం’ గలవాడనడమూ దీని నుంచి వచ్చిందే. శత్రుసేన వస్తున్నదనే వార్త తెచ్చిన సేవకుణ్ణి మాక్బెత్ ఇలాగే తిడతాడు.

1628లో విలియం హార్వీ రక్తప్రసరణ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. నెత్తురు ఒకచోట నిలిచేది కాదని, గుండె నుంచి బయలుదేరి గుండెకే తిరిగి వస్తుందని తేలింది. గేలెన్ వైద్యం క్రమంగా వెనకబడింది. భాషకు ఈ వార్త అందలేదు. అందకపోవడమే కాక, గోథిక్ నవల వచ్చాక పాత నెత్తురు కొత్త ఉద్యోగం సంపాదించింది. ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో వెలువడిన వ్యాసం ‘టెరర్’ను, ‘హారర్’ను వేరుచేసి, మొదటిది ఆత్మను విశాలం చేస్తుందని, రెండోది దాన్ని ముడుచుకొనేటట్లు, గడ్డకట్టేటట్లు చేస్తుందని వాదించింది. రెండు వందల ఏళ్ళ కిందట వైద్యం నుంచి బయటికి వెళ్ళవలసిన చలి సాహిత్యవిమర్శలో పరిభాష అయి కూర్చున్నది. పందొమ్మిదో శతాబ్దిలో నెత్తురు పేరబెట్టే కథలు చౌకపత్రికలకు సరుకయ్యాయి.

తెలుగువారు భయపడినవాడి ముఖంలో ‘కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు’ అంటారు. దీనికి ఏ దోషసిద్ధాంతమూ అక్కరలేదు. చూసినవాడు చూసినదే చెప్పాడు. అందుకే ఇది పాతబడలేదు.

దైవభీతి నుంచి ఒట్టు దాకా

‘పుట్ ది ఫియర్ ఆఫ్ గాడ్ ఇంటూ’, అంటే ఒకడిలో దైవభీతి పెట్టడం, బైబిలు పలుకుబడి. యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయంలో ప్రజలు తనను విడిచిపోకుండా వారి హృదయాల్లో తన భయాన్ని పెడతానని దేవుడే అంటాడు. అక్కడ ఆ భయం వరం. మనిషిని దారిలో పెట్టేది, దగ్గర చేర్చేది. జాతీయంగా మారాక కర్త మారాడు. దేవుడు చేసిన పనిని బడిపంతులు, సైనికాధికారి, అప్పు వసూలుకు వచ్చినవాడు చేయసాగారు. పనిలోని ప్రేమ జారిపోయి బెదిరింపు మాత్రం మిగిలింది.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ సందర్భాల్లో ‘భయభక్తులు’ అనే జంట పదాన్ని వాడారు. మూలంలోని ఒక్క మాటకు రెండు మాటలు పెట్టడం కొందరికి అనవసర విస్తరణగా తోచవచ్చు. ఇంగ్లీషు జాతీయం నడిచిన దారిని చూస్తే వారి ముందుచూపు అర్థమవుతుంది. ‘భయం’ ఒక్కటే పెట్టి ఉంటే తెలుగులోనూ అది వట్టి బెదురుగా మిగిలేది. పక్కనున్న ‘భక్తి’ దాన్ని పట్టి ఉంచింది. ఇవాళ కూడా ‘పెద్దలంటే భయభక్తులు లేవు’ అన్నప్పుడు అందులో బెదిరింపు వినిపించదు.

ఇంగ్లీషు భయజాతీయాల్లో దైవనామాల మరో పాయ ఒట్ల నుంచి వచ్చింది. 1606లో ఇంగ్లండు పార్లమెంటు రంగస్థలం మీద దేవుడి పేరునో క్రీస్తు పేరునో పరిహాసంగా పలికితే పది పౌండ్ల జరిమానా విధిస్తూ చట్టం చేసింది. ‘ఒథెల్లో’ 1622 ప్రతిలో ఉన్న ఒట్లు చాలావరకు 1623 సంపుటిలో లేవు. నిషేధం ఉన్నచోట మారుపేరు పుడుతుంది. దైవనామాలను విరిచి, నమిలి, గుర్తుపట్టకుండా చేసిన మాటలు ఇంగ్లీషులో అసంఖ్యాకం. ఐరిష్ ఇంగ్లీషులో క్రీస్తు మీద పెట్టే ఒట్టు నుంచి ఏర్పడిన ‘బిజీజస్’ వాటిలో ఒకటి. మనిషిలోంచి ‘బిజీజస్’ బయటికి పోయేటట్లు భయపెట్టడం అన్నప్పుడు ఆ మాటకు అర్థమేమిటని అడగడం వృథా. అది ఒట్టు. వాక్యంలో కర్మస్థానంలో కూర్చున్నది, అంతే. దాని పక్కనే నరకం, దయ్యం కూడా అదే కుర్చీలో కూర్చున్నాయి. దయ్యాన్ని మనిషిలోంచి వెళ్ళగొట్టడం భూతవైద్యంలో నిజంగా ఒక పని. నరకాన్ని వెళ్ళగొట్టడం ఏ వైద్యంలోనూ లేదు. అర్థవంతమైన మాట ఒకటి దారి తీస్తే అర్థం లేనివి దాని వెంట నడిచాయి.

డేలైట్స్

ఇప్పుడు పగటి వెలుగుల దగ్గరికి రావచ్చు. పద్దెనిమిదో శతాబ్ది లండన్ వీధిభాషలో ‘డేలైట్స్’ అంటే కళ్ళు. పగటి వెలుతురు ఇంట్లోకి వచ్చే కిటికీల వంటివి గనుక ఆ పేరు. 1751 డిసెంబరులో వెలువడిన హెన్రీ ఫీల్డింగ్ నవల ‘అమీలియా’లో ఎదుటి మనిషి డేలైట్స్‌ను చీకటి చేస్తామనే బెదిరింపు ఉంది. ఫీల్డింగ్ లండన్‌లో న్యాయాధికారిగా పనిచేసినవాడు. ఈ భాష అతని ముందుకు రోజూ వచ్చేది. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో ప్రచురించిన పామరభాషా నిఘంటువులో డేలైట్స్‌కు కళ్ళనే అర్థం ఇచ్చి, వాటిని చీకటి చేయడమంటే ముష్టియుద్ధంలో ఎదుటివాడి కళ్ళు మూసుకుపోయేటట్లు కొట్టడమని వివరించాడు.

ముష్టియుద్ధం ప్రస్తావన ఇక్కడ కీలకం. ఆ కాలపు పోటీలు తొడుగులు లేని వట్టి పిడికిళ్ళతో జరిగేవి. జాక్ బ్రాటన్ 1743లో మొదటి నియమావళి రాసేవరకు వాటికి రాతపూర్వక నియమాలే లేవు. కంటి చుట్టూ దెబ్బ తగిలి వాచిపోతే మనిషి నిలబడి ఉండగానే గుడ్డివాడయ్యేవాడు. ఆ గతి 1750 ఏప్రిల్‌లో బ్రాటన్‌కే పట్టింది. జాక్ స్లాక్ అనే ప్రత్యర్థి కొట్టిన దెబ్బకు కళ్ళు వాచి మూసుకుపోగా, దేశమంతటా పేరుపడ్డ యోధుడు ఎదుటివాడు కనిపించక ఓడిపోయాడు. అతని మీద పెద్ద మొత్తం పందెం కాసిన కంబర్లండ్ ప్రభువు నష్టపోయాడు. ‘అమీలియా’ తొలి పాఠకుల్లో ఈ సంగతి వినని లండన్‌వాసులు తక్కువే అయి ఉంటారు. నవలలోని బెదిరింపు వారికి కళ్ళకు కట్టినట్లు అర్థమయ్యేది.

తర్వాతి మార్పు అట్లాంటిక్ దాటాక జరిగింది. పందొమ్మిదో శతాబ్ది అమెరికాలో డేలైట్స్‌ను చీకటి చేయడం పోయి, మనిషిలోంచి బయటికి వచ్చేటట్లు కొట్టడం మొదలైంది. కళ్ళు బయటికి రావడం ఊహించదగినదే గాని, ఇక్కడ అర్థం అప్పటికే కళ్ళను దాటి శరీరం లోపల ఉండే ఏదో ప్రాణాధారంగా మారింది. తుపాకితోనో కత్తితోనో మనిషిలోకి పగటి వెలుగు వచ్చేటట్లు చేస్తానని, అంటే ఒంట్లో బెజ్జం పొడుస్తానని, బెదిరించే మరో ప్రయోగం వీధిభాషలో ఉండేది. ఆ రెండూ కలిసిపోయి ఉండే అవకాశం ఎక్కువ. మొదటిది వెలుగును బయటికి పంపుతుంది, రెండోది లోపలికి తెస్తుంది. తర్కానికి ఇవి విరుద్ధం, భాషకు కాదు. తర్వాత కొట్టడం స్థానంలో భయపెట్టడం వచ్చింది. ‘లివింగ్’ అనే విశేషణం చేరి డేలైట్స్‌కు ప్రాణం పోసింది. అప్పటికి అవి కళ్ళని గుర్తున్నవారు లేరు. గుర్తుంటే ‘బతికున్న కళ్ళు’ అనవలసిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

ఇలా విట్స్, దయ్యం, డేలైట్స్ ఒక్కొక్కటీ వేరువేరు చరిత్రలతో వచ్చి ఒకే నిర్మాణంలో కూర్చున్నాయి. ఆ నిర్మాణం ప్రకారం మనిషి ఒక పాత్ర. భయం ఆ పాత్రను కుదిపి లోపలిది ఒలకబోస్తుంది. లోపల ఏముందన్నది కాలాన్ని బట్టి మారింది. ఒలికించడం మారలేదు. అంతిమంగా మలాన్ని సూచించే ముతక మాట కూడా అదే చోటికి వచ్చింది. ఈ వరుసలో శరీరశాస్త్రం నేటికీ నిలబడేది బహుశా ఆ ఒక్కదానికే.

-పెట్టు, -గొట్టు

తెలుగులో భయాన్ని చెప్పే జాతీయాల్లో ఎక్కువ వాటికి శరీర భాగమే కర్త. గుండె జారుతుంది, ఝల్లుమంటుంది. పై ప్రాణాలు పైకే పోతాయి. కాళ్ళూ చేతులూ ఆడవు. నోట మాట రాదు. గుండెల్లో రైళ్ళు పరుగెత్తుతాయి. చివరిది కాలం గుర్తించడానికి వీలైన అరుదైన జాతీయం. మద్రాసు రాష్ట్రంలో మొదటి రైలు 1856లో నడిచింది గనుక అది అంతకంటే పాతది కాజాలదు. వీటిలో భయపెట్టినవాడు వాక్యంలోకి రాడు. వస్తే ‘గుండెల్లో నిద్రపోతాను’ అన్నట్లు తానే అవతలివాడి లోపలికి వెళ్ళి కూర్చుంటాడు. ఇంగ్లీషు నిర్మాణంలో లోపలిది బయటికి పోతే, ఇక్కడ బయటివాడు లోపలికి వస్తాడు.

భయపెట్టినవాణ్ణి కర్తగా నిలపడానికి తెలుగుకు నామం అక్కరలేదు, క్రియ చాలు. బెదురు–బెదిరించు, జడియు–జడిపించు వంటి ప్రేరణరూపాలు ఉన్నాయి. తీవ్రత కావలసినప్పుడు మరో క్రియ తోడు వస్తుంది: భయపెట్టు, బెదరగొట్టు, హడలగొట్టు. ఇంగ్లీషు బైబిలు భయాన్ని హృదయంలో ‘పెట్టింది’, లండన్ ముష్టియుద్ధం దాన్ని ‘కొట్టింది’. తెలుగు ఈ రెండు పనులనూ ఏ బైబిలూ ముష్టియుద్ధమూ లేకుండానే అనుప్రయుక్త క్రియలుగా చేసుకొన్నది. అందుచేత డేలైట్స్ జాతీయానికి తెలుగులో సమానార్థకం ఏదో ఒక నామంలో లేదు. ‘-గొట్టు’లో ఉంది. ‘ఆమెను హడలగొట్టాను’ అంటే ఫ్లెమింగ్ పాత్ర చెప్పినదంతా వచ్చినట్లే. ‘పట్టపగలు చుక్కలు చూపించాను’ అనే ప్రయోగం కళ్ళకూ పగటికీ దగ్గరగా ఉండి అనువాదకుణ్ణి ఊరిస్తుంది. అది ఏడిపించడాన్ని, ముప్పుతిప్పలు పెట్టడాన్ని చెబుతుంది. ఒక్క తుపాకి దెబ్బతో కలిగిన భయానికి సరిపోదు. చిత్రం దగ్గరగా ఉండి భావం దూరమైన ఇటువంటి చోట్లనే ద్విభాషా నిఘంటువులు ఎక్కువగా జారుతున్నాయి.

ఒక చిక్కు మాత్రం ఉంది. హడలగొట్టుకు తోబుట్టువైన ‘అదరగొట్టు’ కూడా వణికిపోయేటట్లు భయపెట్టడాన్ని చెప్పే మాటే. నేడు ఒక నటుడు అదరగొట్టాడంటే బాగా నటించాడని అర్థం. ‘టెరిఫిక్’ నడిచిన దారినే అది నడిచింది. యాభై ఏళ్ళ కిందట అనువాదకుడికి అందుబాటులో ఉన్న రెండు మాటల్లో నేడు ఒకటే మిగిలింది. జేమ్స్ బాండ్ ఆ యువతిని అదరగొట్టాడని ఇప్పుడు రాస్తే పాఠకుడు అతని చేతిలో తుపాకి బదులు సెల్లోను ఊహించుకొంటాడు.